పశువుల ఋతువారీ టీకాల కార్యక్రమం

పశువుల ఋతువారీ టీకాల కార్యక్రమం అనగా వ్యాధులు ప్రబలే కాలానికి ముందుగా, ఏటా నిర్ణీత సమయంలో, ఒక ప్రాంతంలోని పశువులన్నింటికీ నివారణ టీకాలను, వాటి బూస్టర్ మోతాదులను వేసే కార్యక్రమం. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో దీనిని పశుసంవర్ధక శాఖలు నిర్వహిస్తాయి. గొంతువాపు, జబ్బవాపు, చిటుకు రోగం వంటి వాటికి తొలకరికి ముందు టీకాలు వేయటం, గాలికుంటు వ్యాధికి ఆరు నెలలకు ఒకసారి టీకా వేయటం ఇందులోని ముఖ్య భాగాలు.

ఈ టీకాలలో పెక్కింటి రక్షణ కొద్ది నెలలు మాత్రమే నిలుస్తుంది. టీకా వేసిన తరువాత వ్యాధినిరోధక శక్తి ఏర్పడటానికి రెండు నుంచి మూడు వారాలు పడుతుంది. రోగం ఊరిలోకి వచ్చిన తరువాత వేసిన టీకా అప్పటికే సోకిన పశువును కాపాడలేదు. కనుక వర్షాలు మొదలయ్యే నాటికి పశువులలో రక్షణ సిద్ధంగా ఉండేటట్లు రోజులను వెనుకకు లెక్కించుకొని పని మొదలుపెట్టటం ఈ కార్యక్రమ ప్రణాళికకు మూలసూత్రం.

== ఋతువుకు, వ్యాధికి గల సంబంధం ==

గొంతువాపు వ్యాధిని గురక వ్యాధి అని కూడా అంటారు. పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా దీనికి కారణం. ఆరోగ్యంగా కనిపించే కొన్ని పశువుల గొంతులో ఈ బాక్టీరియా ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉంటుంది. వేసవిలో మేత కొరతతో చిక్కిపోయిన పశువులు తొలి వానలకు తడిసి, దుక్కి పనులలో అలసినపుడు వాటి నిరోధక శక్తి తగ్గి వ్యాధి బయటపడుతుంది. తేమ నేలలో, నిలువ నీటిలో బాక్టీరియా ఎక్కువ కాలం బ్రతకటం వలన వ్యాప్తి తేలికవుతుంది. ఆవులు, ఎద్దుల కంటే గేదెలు దీనికి త్వరగా లోనవుతాయి. తీవ్రమైన జ్వరం, గొంతు క్రింద వాపు, గురకతో కూడిన శ్వాస కనిపించిన తరువాత ఒకటి రెండు రోజులలోనే పశువు మరణించవచ్చు. ఈ దశలో చికిత్స ఫలించటం అరుదు.

జబ్బవాపు వ్యాధి క్లాస్ట్రిడియం జాతికి చెందిన బాక్టీరియా వలన కలుగుతుంది. దీని సిద్ధబీజాలు నేలలో సంవత్సరాల తరబడి నశించకుండా ఉంటాయి. వర్షాలకు నేల కదిలినపుడు, కొత్త గడ్డితో పాటు ఇవి పశువు శరీరంలోకి చేరతాయి. ఆరు నెలల నుంచి రెండు సంవత్సరాల వయసు గల, బాగా పుష్టిగా ఉన్న పశువులలో ఇది ఎక్కువ. తొడ లేదా జబ్బ కండరాలు వాచి, చేతితో నొక్కినపుడు కరకరమనే శబ్దం వస్తుంది.

చిటుకు రోగం గొర్రెలలో, మేకలలో వస్తుంది. వేసవి అంతా ఎండు మేతతో గడిపిన జీవాలు తొలకరి తరువాత మొలిచిన లేత పచ్చికను ఆబగా మేసినపుడు, ప్రేగులలో ఉండే క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ బాక్టీరియా విపరీతంగా పెరిగి విషాన్ని విడుదల చేస్తుంది. సాయంత్రం బాగున్న జీవం తెల్లవారేసరికి దొడ్డిలో చనిపోయి కనిపించటం సాధారణం. మందలో మొదట పోయేవి తరచుగా బలమైన పిల్లలే.

నీలినాలుక వ్యాధి క్యులికాయిడ్స్ అనే చిన్న కీటకాల కాటు వలన గొర్రెలకు సోకుతుంది. వానలు పడి తేమ నేల, బురద ఏర్పడిన తరువాత ఈ కీటకాలు వృద్ధి చెందుతాయి కనుక, వ్యాధి వర్షాకాలపు చివరి నెలలలోను ఆ తరువాత కూడా కనిపిస్తుంది. దక్షిణ భారత రాష్ట్రాలలో దీని బెడద అధికం.

గాలికుంటు వ్యాధి సంవత్సరంలో ఎప్పుడైనా రావచ్చు. సంతలు, జాతరలు, మందల వలసలు, పశువుల కొనుగోళ్లు దీని వ్యాప్తికి తోడ్పడతాయి. నోటిలోను, గిట్టల మధ్యను పుండ్లు ఏర్పడి పశువు మేత మానివేస్తుంది, కుంటుతుంది. పెద్ద పశువులలో మరణాలు తక్కువ. అయితే పాడి పశువు పాల దిగుబడి పడిపోయి చాలా సందర్భాలలో మునుపటి స్థాయికి రాదు. ఎద్దు దుక్కి అదనులో పనికి రాకుండా పోతుంది. లేగదూడలలో వైరస్ గుండె కండరాలకు సోకి ఆకస్మిక మరణాలు సంభవిస్తాయి.

== బూస్టర్ మోతాదు అవసరం ==

మొదటిసారి టీకా వేసినపుడు పశువు శరీరం ఆ సూక్ష్మజీవిని గుర్తించటం నేర్చుకుంటుంది. ఇలా ఏర్పడిన రక్షణ స్వల్పం, స్వల్పకాలికం. కొన్ని వారాల తరువాత అదే టీకాను తిరిగి వేస్తే ప్రతిరక్షకాలు త్వరగా, అధిక మోతాదులో తయారై ఎక్కువ కాలం నిలుస్తాయి. ఈ రెండవ మోతాదునే బూస్టర్ అంటారు. నిర్జీవ టీకాలకు బూస్టర్ తప్పనిసరి. సజీవ టీకాలు శరీరంలో కొంత వృద్ధి చెందుతాయి కనుక ఒక్క మోతాదుతోనే దీర్ఘకాల రక్షణ ఇవ్వగలవు.

దూడల విషయంలో మరొక చిక్కు ఉన్నది. టీకా పొందిన తల్లి జున్నుపాల ద్వారా దూడకు ప్రతిరక్షకాలు అందుతాయి. ఇవి దూడను కాపాడుతూనే, మరీ లేత వయసులో వేసిన టీకాను పనిచేయనీయవు. అందువలన గాలికుంటు టీకాను దూడకు నాలుగు నెలల వయసులో మొదటిసారి వేసి, నాలుగు వారాల తరువాత బూస్టర్ ఇస్తారు. ఆ తరువాత ఆరు నెలలకు ఒకసారి కొనసాగిస్తారు.

వివిధ టీకాల రక్షణ కాలం, వేసే క్రమం ఇలా ఉంటాయి:

* గొంతువాపు: పటిక చేర్చిన టీకా 4 నుంచి 6 నెలలు, నూనె చేర్చిన టీకా 9 నుంచి 12 నెలలు రక్షణనిస్తుంది. నూనె టీకా చిక్కగా ఉండటం వలన సూదితో ఎక్కించటం కష్టం.
* జబ్బవాపు: ఏటా ఒకసారి, వర్షాలకు ముందు.
* గాలికుంటు: ఆరు నెలలకు ఒకసారి.
* చిటుకు రోగం: మొదటి సంవత్సరం రెండు నుంచి మూడు వారాల వ్యవధిలో రెండు మోతాదులు, తరువాత ఏటా ఒకసారి.
* పి.పి.ఆర్. (పారుడు రోగం): సజీవ టీకా, ఒక మోతాదుతో మూడు సంవత్సరాలు లేదా అంతకు మించి రక్షణ.
* దొమ్మ రోగం: గతంలో వ్యాధి వచ్చిన గ్రామాలలో మాత్రమే, ఏటా ఒకసారి.
* బ్రూసెల్లోసిస్: 4 నుంచి 8 నెలల వయసు గల ఆడదూడలకు మాత్రమే, జీవితంలో ఒకసారి.

గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు వ్యాధులకు కలిపి ఒకే సూదిగా ఇచ్చే మిశ్రమ టీకాలు కూడా ఉన్నాయి. వీటి వలన పశువును పట్టి కట్టే శ్రమ తగ్గుతుంది.

== చరిత్ర ==

భారతదేశంలో పశువ్యాధుల పరిశోధనకు 1889లో పూణేలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లాబొరేటరీ ప్రారంభమైనది. 1893లో దానిని హిమాలయ ప్రాంతంలోని ముక్తేశ్వర్‌కు తరలించారు. నేటి భారత పశువైద్య పరిశోధనా సంస్థకు ఇదే మూలం. ఆ కాలంలో ప్రధాన శత్రువు రిండర్‌పెస్ట్. స్వాతంత్ర్యానంతరం 1954లో జాతీయ రిండర్‌పెస్ట్ నిర్మూలన కార్యక్రమం మొదలైనది. దేశంలో ఈ వ్యాధి చివరిసారిగా 1995లో కనిపించినది. 2011లో ప్రపంచమంతటా నిర్మూలనమైనట్లు ప్రకటించారు. మశూచి తరువాత మానవ ప్రయత్నంతో భూమిపై అంతరించిన రెండవ వ్యాధి ఇది.

గాలికుంటు వ్యాధికి కారణం బాక్టీరియా కంటే సూక్ష్మమైన క్రిమి అని 1898లో జర్మనీ శాస్త్రజ్ఞులు లోఫ్లర్, ఫ్రాష్ నిరూపించారు. జంతువులలో కనుగొన్న మొదటి వైరస్ ఇదే. 1947లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రెంకెల్ పశువుల నాలుక పొర కణాలలో ఈ వైరస్‌ను పెంచే పద్ధతిని రూపొందించటంతో టీకాను పెద్ద ఎత్తున తయారుచేయటం సాధ్యమైనది. 1960వ దశకం నుంచి ప్రయోగశాలలో పెంచే బి.హెచ్.కె.-21 కణాలు ఈ స్థానాన్ని ఆక్రమించాయి.

హైదరాబాదులో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ 1982లో ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను నెలకొల్పినది. గాలికుంటు టీకాను ఉత్పత్తి చేసే దేశంలోని ప్రధాన సంస్థలలో ఇది ఒకటి.

గాలికుంటు నియంత్రణ కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 2003-04లో 54 జిల్లాలలో ప్రారంభించినది. 2010-11లో దీనిని 221 జిల్లాలకు విస్తరించారు. 2013లో దక్షిణ భారత రాష్ట్రాలలో ఈ వ్యాధి తీవ్రంగా ప్రబలినది. 2019 సెప్టెంబరు 11న మథురలో జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైనది. ఐదు సంవత్సరాలకు 13,343 కోట్ల రూపాయలు కేటాయించిన ఈ కార్యక్రమం, 50 కోట్లకు పైగా పశువులకు గాలికుంటు టీకాను, ఏటా 3.6 కోట్ల ఆడదూడలకు బ్రూసెల్లోసిస్ టీకాను లక్ష్యంగా పెట్టుకున్నది. 2030 నాటికి గాలికుంటును నిర్మూలించటం ఇందులో ప్రకటించిన ధ్యేయం.

== ప్రణాళిక ==

=== కాలనిర్ణయం ===

తెలుగు రాష్ట్రాలలో నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ మొదటి, రెండవ వారాలలో ప్రవేశిస్తాయి. రైతుల లెక్కలో ఇది మృగశిర కార్తె. అప్పటికి రక్షణ ఏర్పడాలంటే చివరి సూది మే మూడవ వారం లోపల, అనగా రోహిణి కార్తెకు ముందే, పడాలి. ఒక మండలంలో కార్యక్రమానికి మూడు వారాలు పట్టే పక్షంలో అది ఏప్రిల్ చివరలో మొదలు కావాలి. మొదటిసారి చిటుకు టీకా పొందే గొర్రెపిల్లలకు రెండు మోతాదులు కావాలి కనుక వాటి పని ఏప్రిల్ మధ్యలోనే మొదలవుతుంది. నట్టలతో బాధపడే పశువులలో టీకా సరిగా ఫలించదు. అందువలన టీకాకు సుమారు రెండు వారాల ముందు నట్టల నివారణ మందు త్రాగిస్తారు. టీకా కొనుగోలు ఉత్తర్వులు, ప్రతి బ్యాచ్‌కు జరిగే నాణ్యతా పరీక్షలు, జిల్లాలకు రవాణా వీటన్నింటికీ ముందు పూర్తి కావాలి. ఈ విధంగా జూన్ నెల వానకు సంబంధించిన నిర్ణయాలు అంతకు ముందటి చలికాలంలోనే తీసుకోవలసి వస్తుంది.

ఈ గొలుసులో ఏ ఒక్క మెట్టు ఆలస్యమైనా నష్టం చివరి మెట్టుపై పడుతుంది. మే నెలలో రావలసిన టీకా జూన్ చివరలో వస్తే లెక్కలో అదే సంఖ్య నమోదవుతుంది గాని, పశువులు ప్రమాదకరమైన మొదటి వారాలను రక్షణ లేకుండానే గడుపుతాయి.

=== మోతాదుల లెక్క ===

పశుగణన సంఖ్యను టీకా అవసరానికి నేరుగా వాడటం సరికాదు. గణన తరువాత పుట్టినవి, అమ్ముడైనవి, వలస వెళ్ళినవి ఉంటాయి. లెక్కను వివరించటానికి 10,000 ఆవులు, గేదెలు గల ఒక మండలాన్ని ఊహించవచ్చును. ఇందులో నాలుగు నెలలు నిండని దూడలు, నిండు చూలు పశువులు కలిపి 1,500 అనుకుంటే, మొదటి విడతకు అర్హమైనవి 8,500. వీటిలో 1,000 మొదటిసారి టీకా పొందుతున్నవైతే, నాలుగు వారాల తరువాత వాటికి 1,000 బూస్టర్ మోతాదులు కావాలి. మొత్తం 9,500. ఒలికిపోవటం, సీసాలో మిగిలిపోవటం వంటి వృథాకు నూటికి 5 చొప్పున కలిపితే 9,975. రెండు మిల్లీలీటర్ల మోతాదుతో, 100 మిల్లీలీటర్ల సీసాకు 50 మోతాదుల చొప్పున 200 సీసాలు అవసరం. ఒక బృందం రోజుకు 150 పశువులకు టీకా వేయగలిగితే, నాలుగు బృందాలకు మొదటి విడత సుమారు 15 రోజుల పని.

అసలు చిక్కు ఇక్కడే కనిపిస్తుంది. గాలికుంటు వ్యాప్తిని ఆపాలంటే మందలో కనీసం నూటికి 80 పశువులకు రక్షణ ఉండాలని సాధారణంగా భావిస్తారు. పై మండలంలో అర్హమైన 8,500 పశువులన్నింటికీ ఒక్కటి విడువకుండా టీకా వేసినా, వాటిలో నూటికి 85 పశువులలో మాత్రమే తగిన నిరోధక శక్తి ఏర్పడిందనుకుంటే, రక్షణ పొందినవి 7,225. ఇది మొత్తం మందలో నూటికి 72 మాత్రమే. వాయిదా వేసిన 1,500 పశువులలో 1,300 పశువులకు తరువాత టీకా వేయగలిగితే రక్షణ పొందినవి 8,330కి చేరి, లక్ష్యం దాటుతుంది. కాబట్టి తప్పిపోయిన పశువుల కొరకు తిరిగి వెళ్ళే రెండవ విడత, దూడల బూస్టర్ విడత అదనపు పనులు కావు. కార్యక్రమం ఫలించటం, ఫలించకపోవటం వీటి మీదనే ఆధారపడుతుంది. వీటికి కావలసిన టీకాను, సిబ్బందిని, వాహనాన్ని మొదటి రోజునే ప్రణాళికలో చేర్చాలి.

=== శీతల సరఫరా ===

తయారీ కేంద్రం నుంచి పశువు దగ్గరకు చేరే వరకు టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. తొలకరి ముందటి టీకాలు తెలుగు నాట ఎండలు మండే నెలలలో వేయవలసి రావటం దీనిలోని ప్రత్యేక కష్టం. వేడి తగిలిన టీకా రంగులో, రూపంలో మార్పు కనిపించకపోయినా శక్తిని కోల్పోవచ్చును. గడ్డకట్టటం కూడా హానికరమే. నూనె చేర్చిన టీకా గడ్డకడితే నూనె, నీరు విడిపోతాయి. అటువంటి సీసాను వాడరాదు. అందువలన ఐస్ పెట్టెలో మంచు గడ్డకు సీసా నేరుగా తగలకుండా చూస్తారు. పి.పి.ఆర్. వంటి పొడి టీకాలను దానితో ఇచ్చిన ద్రావణంలోనే కలిపి, కలిపిన తరువాత కొద్ది గంటలలోనే వాడివేయాలి. కరెంటు పోయినపుడు ఫ్రిజ్ ఎంతసేపు చల్లదనాన్ని నిలుపుతుందో ప్రతి పశువైద్యశాలలో ముందుగా తెలిసి ఉండటం అవసరం.

=== గ్రామ కార్యక్రమం ===

పశువులు మేతకు వెళ్ళక ముందే బృందం గ్రామానికి చేరాలి. వేసవిలో పని సాధారణంగా తెల్లవారుజామున మొదలై ఎండ ముదరక ముందే ముగుస్తుంది. ముందు రోజు దండోరా వేయించటం, పాల సేకరణ కేంద్రం వద్ద చెప్పటం వాడుకలో ఉన్న పద్ధతులు. ఒక గ్రామాన్ని, దాని చుట్టుప్రక్కల గ్రామాలను ఒకే వారంలో పూర్తిచేయటం మంచిది. పొలిమేరలోని మేత బయళ్లు, చెరువులు ఉమ్మడివి కనుక ఒక ఊరిని వదలివేస్తే ప్రక్క ఊరిలోని రక్షణకు అది కన్నమవుతుంది. సంతకు వచ్చే పశువులకు కనీసం మూడు వారాల ముందు టీకా పడి ఉండాలి.

=== వలస మందలు ===

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలోను, ఆంధ్ర ప్రదేశ్ రెండవ స్థానంలోను ఉన్నాయి. తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలు ఉన్నట్లు ఆ గణనలో తేలినది. మెట్ట ప్రాంతాల కాపరులు మేత, నీరు వెదకుతూ నెలల తరబడి మందలతో ఇతర జిల్లాలకు తరలిపోతారు. గ్రామాల వారీ పట్టికలో పేరున్నా, టీకా నాటికి మంద ఊరిలో ఉండదు. మంద చేరిన చోట అది ఏ పట్టికలోనూ ఉండదు. కాపరులను ముందుగా సంప్రదించి, బయలుదేరక ముందో, వారు ఏటా విడిది చేసే చోటనో టీకా వేయటానికి ఏర్పాటు చేయటం ఒక్కటే దీనికి మార్గం.

== టీకా వేయునపుడు పాటించవలసినవి ==

* జ్వరంతో ఉన్న పశువుకు, నీరసించిన పశువుకు టీకా వాయిదా వేయాలి.
* నిండు చూలు పశువులను పట్టి కట్టునపుడు కలిగే ఒత్తిడి వలన ఈచుకుపోయే ప్రమాదం ఉన్నది కనుక ఈనిన తరువాత వేయటం మేలు.
* ఒక పశువుకు వాడిన సూదిని మరిగించి శుద్ధి చేయకుండా మరొక పశువుకు వాడరాదు. అదే సూది రోగాన్ని దొడ్డి నుంచి దొడ్డికి మోసుకుపోగలదు.
* దొమ్మ రోగపు టీకా సజీవ బాక్టీరియాతో తయారైనది. అది వేసిన రోజులలో ఆంటీబయాటిక్ మందులు వాడితే టీకా వ్యర్థమవుతుంది.
* బ్రూసెల్లోసిస్ టీకా మనుషులకు సోకగలదు. వేసే సిబ్బంది చేతి తొడుగులు, కంటి అద్దాలు ధరించాలి.
* రోగం వచ్చిన గ్రామంలో టీకాను బయటి గ్రామాల నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలి.

టీకా వేసిన ప్రతి పశువుకు చెవికి 12 అంకెల సంఖ్య గల పోగు వేసి, వివరాలను కంప్యూటరులో నమోదు చేస్తారు. తదుపరి మోతాదు ఏ పశువుకు ఎప్పుడు రావలసి ఉన్నదో దీని వలన తెలుస్తుంది.

== రైతుల సందేహాలు ==

టీకా వేస్తే పాలు తగ్గుతాయన్న భయం పాడి రైతులలో ఉన్నది. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. టీకా తరువాత రెండు మూడు రోజులు కొన్ని పశువులలో స్వల్ప జ్వరం, పాల తగ్గుదల కనిపిస్తాయి. ఇవి తాత్కాలికం. వ్యాధి వస్తే కలిగే పాల నష్టం వారాల తరబడి, కొన్నిసార్లు ఆ ఈత అంతా కొనసాగుతుంది. సూది వేసిన చోట చిన్న గడ్డ ఏర్పడి క్రమంగా కరుగుతుంది. రోజూ పాలు అమ్ముకొని బ్రతికే కుటుంబానికి రెండు రోజుల తగ్గుదల కూడా లెక్కే కనుక, ఈ విషయాన్ని దాచకుండా ముందే చెప్పిన చోట తరువాతి విడతలో పశువులను తోలుకురావటానికి వెనుకాడరు.

టీకా వేసిన వారం లోపలే వ్యాధి వచ్చినపుడు టీకా వలననే రోగం వచ్చినదని భావించటం కద్దు. నిజానికి అటువంటి పశువుకు టీకా నాటికే వ్యాధి సోకి ఉండవచ్చును, లేదా రక్షణ ఇంకా ఏర్పడి ఉండకపోవచ్చును. గాలికుంటు వైరస్ సోకిన 2 నుంచి 14 రోజులలో లక్షణాలు బయటపడతాయి.

== ఫలితాల అంచనా ==

వేసిన మోతాదుల సంఖ్య కార్యక్రమ ఫలితాన్ని పూర్తిగా తెలుపదు. అందుకని ఎంపిక చేసిన పశువుల నుంచి టీకాకు ముందు ఒకసారి, సుమారు నాలుగు వారాల తరువాత ఒకసారి రక్తం సేకరించి ప్రతిరక్షకాల స్థాయిని పోలుస్తారు. రెండవ నమూనాలో తగిన పెరుగుదల లేకపోతే శీతల సరఫరాలోనో, మోతాదులోనో, టీకా నాణ్యతలోనో లోపమున్నట్లు గ్రహించవచ్చును. టీకాలో లేని, వైరస్ శరీరంలో వృద్ధి చెందినపుడు మాత్రమే పుట్టే ప్రొటీన్లకు ప్రతిరక్షకాలు ఉన్నాయేమో వేరొక పరీక్షతో చూస్తారు. అవి ఉంటే ఆ మందలో అసలు వైరస్ తిరుగుతున్నట్లు అర్థం. ఈ పనికి భువనేశ్వర్‌లోని జాతీయ గాలికుంటు వ్యాధి సంస్థ కేంద్రంగా ఉన్నది.

టీకాలోని వైరస్ రకం బయట తిరిగే వైరస్‌తో సరిపోలటం కూడా పరిశీలించాలి. గాలికుంటు వైరస్‌లో ఏడు ప్రధాన రకాలు ఉన్నాయి. ఒక రకానికి ఏర్పడిన రక్షణ మరొక రకానికి పనిచేయదు. భారతదేశంలో ఓ, ఎ, ఆసియా-1 అనే మూడు రకాలు ఉన్నందున టీకాలో ఆ మూడింటినీ చేరుస్తారు. సి రకం 1995 తరువాత దేశంలో కనిపించకపోవటంతో దానిని టీకా నుంచి తొలగించారు. ఒకే రకంలో కూడా కాలక్రమంలో మార్పులు వస్తాయి కనుక, క్షేత్రంలో దొరికిన వైరస్‌ను టీకా వైరస్‌తో పోల్చటం నిరంతరం జరుగుతుంది.

== కొత్త వ్యాధి ఎదురైనపుడు ==

లంపీ స్కిన్ వ్యాధి భారతదేశంలో 2019లో ఒడిశాలో మొదటిసారి బయటపడినది. 2022లో ఉత్తర, పశ్చిమ రాష్ట్రాలలో ప్రబలి లక్షకు పైగా పశువులను బలిగొన్నది. దీనికి ప్రత్యేకమైన టీకా అందుబాటులో లేనందున, దగ్గరి సంబంధం గల మేకల మశూచి టీకాను పశువులకు వాడారు. 2022 ఆగస్టులో లంపీ-ప్రోవాక్‌ఇండ్ అనే దేశీయ టీకాను విడుదల చేశారు. ఇటువంటి సమయంలో ఒక టీకా కొరకు సిబ్బంది అంతా తరలిపోయి, ఋతువారీ టీకాల తేదీలు జారిపోయే ప్రమాదం ఉంటుంది. అందుచేత అత్యవసర టీకాలకు వేరుగా నిల్వను, బృందాలను ఉంచుకోవటం ప్రణాళికలో భాగం కావలసి ఉన్నది.

== ఇతర దేశాలలో ==

ఐరోపా దేశాలు కొన్ని దశాబ్దాల పాటు ఏటా గాలికుంటు టీకాలు వేసి వ్యాధిని అదుపులోకి తెచ్చుకొని, 1990వ దశకం ఆరంభంలో నివారణ టీకాలను నిలిపివేశాయి. 2001లో బ్రిటన్‌లో ఈ వ్యాధి తిరిగి వచ్చినపుడు 60 లక్షలకు పైగా పశువులను వధించి దానిని అణచివేశారు. బ్రెజిల్ దీర్ఘకాలం టీకాలు వేసి, క్రమంగా ప్రాంతాల వారీగా మానివేసి, 2025 మే నెలలో టీకా లేకుండానే వ్యాధిరహిత దేశంగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందినది. చిన్న రైతుల వద్ద ఒకటి రెండు పశువులుగా చెదరి ఉన్న భారతదేశంలో సామూహిక వధ ఆచరణ సాధ్యం కాదు. అందువలన టీకాయే ఇక్కడ ప్రధాన ఆయుధం.

== రిండర్‌పెస్ట్ అనుభవంతో పోలిక ==

రిండర్‌పెస్ట్ వైరస్ ఒకే రకం. దాని టీకా ఒక్క మోతాదుతో దాదాపు జీవితాంతం రక్షణనిచ్చేది. ఒకసారి టీకా పొందిన పశువును తిరిగి వెదకవలసిన పని ఉండేది కాదు. గాలికుంటులో పలు రకాలు ఉన్నాయి. రక్షణ ఆరు నెలలలో క్షీణిస్తుంది. గొర్రెలు, మేకలు, పందులు, అడవి జంతువులకు కూడా ఇది సోకుతుంది. కాబట్టి ఒక సంవత్సరం సాధించిన ఫలితం మరుసటి సంవత్సరానికి నిలువ ఉండదు. ఒక విడత తప్పితే మంద రక్షణ స్థాయి క్రిందికి జారుతుంది, రెండు విడతలు తప్పితే దాదాపు మొదటి స్థితికి చేరుతుంది. పి.పి.ఆర్. వ్యాధి ఈ విషయంలో రిండర్‌పెస్ట్‌కు దగ్గరగా ఉన్నందున, 2030 నాటికి దానిని ప్రపంచమంతటా నిర్మూలించాలని అంతర్జాతీయ సంస్థలు కార్యక్రమాన్ని చేపట్టాయి. గొంతువాపు, జబ్బవాపు, చిటుకు రోగం కలిగించే బాక్టీరియాలు పశువుల శరీరంలోను, నేలలోను స్థిరంగా ఉండేవి కనుక వాటిని పూర్తిగా నిర్మూలించే అవకాశం లేదు. వాటి టీకాలు ప్రతి సంవత్సరం తొలకరికి ముందు వేయవలసినవే.